కోసిన పటం

సూర్యాపేట, 17 జనవరి 1949

ఇవాళ మళ్ళీ చేయి చేసుకున్నాను. అందం గురించి పాఠం చెబుతూ — ఒక పిల్లవాడి చెంప మీద.

గోడకు క్యాలెండర్ బొమ్మ తగిలించాను. మంచుకొండలు, సరస్సు, తెల్ల పడవ. బెజవాడ నుంచి వచ్చిన చిన్న పుస్తకంలో ఉన్నట్టే అడిగాను — తొందర లేదు, నిదానంగా చూడండి, ఏం కనబడుతోంది? ఆరో తరగతి మొత్తం నోరు మెదపదు. చివరికి వెనక వరసలోంచి, ‘సార్, గిది యాడిది?’ ఎక్కడిదైతే నీకెందుకు, చూడు అన్నాను. ‘సూసిన సార్. అయిపోయింది.’ గదంతా పగలబడి నవ్వింది. అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు.

చెయ్యి ఇంకా మండుతోంది. చిన్నప్పుడే చూపు నేర్పితే మనిషి పెద్దయ్యాక అన్యాయాన్ని గుర్తుపడతాడట. పుస్తకంలో ఉంది. వాడు ఇవాళే గుర్తుపట్టి ఉంటాడు.

18 జనవరి

పెద్దసారు పిలిచారు. రజాకార్ల గోల అణిగాక, బడి బోర్డు ఉర్దూ నుంచి తెలుగుకు మారాక, ఆయన గొంతు ఇంకా నెమ్మదైంది. ‘జర ఠండా ఉండు బేటా. బొమ్మలు గీయించమని నీకు పీరియడ్ ఇచ్చిన. సూసుడు నేర్పుతనంటివి. సరే అన్న. కొట్టి నేర్పితే కండ్లు మూసుకుంటరు గదా పోరగాండ్లు.’

తల దించుకుని విన్నాను. బయటికొచ్చి ఆయన పాతకాలం మనిషి అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. పాతకాలం మనిషిలా చెయ్యి చేసుకుంది నేనేగా.

23 జనవరి, ఆదివారం

ఇక్కడి సాలోళ్ళ వాడలో పోశయ్య తాత పటం కథ. కోదాడలో మా వాకిట్లో ఏటా విన్నదే. మా కులం పుట్టుక, మొదటి మగ్గం, పులినెక్కి తిరిగిన మా మూలపురుషుడు... చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో సగంలోనే నిద్రపోయేవాణ్ణి. ఈ మధ్య మూఢత్వమని పక్కకు తప్పుకునేవాణ్ణి.

ఇవాళ చూశాను. మొదటిసారి. రెండు గుంజల మధ్య తాత బొమ్మల గుడ్డపటం వేలాడదీశాడు. మనిషి కంటే పొడుగు. కింద చుట్ట విప్పుతుంటే ఒక్కో వరుస బయటికొస్తోంది. అంతా ఎర్రటి ఎరుపు. ఆ ఎరుపులో పసుపుపచ్చ పులి. ఎంత కోపం ఆ కళ్ళలో! కోడలు లచ్చమ్మ తాళాలు వాయిస్తోంది. తాత పుల్లతో బొమ్మను తాకి పాడుతున్నాడు. మంచుకొండల బొమ్మ పట్టుకుని ఊరేగుతున్నానే, ఇది నా వాకిట్లో పెట్టుకుని!

కథ అయ్యాక పోయి దగ్గర కూర్చున్నాను. ‘మా ముసల్దానికి ఇదే ఆఖరు సుట్టు తండ్రీ’ అన్నాడు పటాన్ని చూపించి. అంచులు పెచ్చులూడుతున్నాయి. మగ్గాలున్న ఇండ్లన్నీ కలిసి కొత్త పటం రాయించాయి. బొమ్మలు రాసే నకాసోళ్ళు అంతా పూర్తి చేసి కండ్లు మాత్రం పెట్టకుండా ఉంచారు. శివరాత్రి నాడు మఠంపల్లి దగ్గర పాత పటాన్ని కృష్ణలో విడవాలి. అది పోతేనే కొత్తదానికి కండ్లు. కండ్లు లేని పటం ఏ వాకిట్లోనూ విప్పరు.

‘ఇంత అందమైనదాన్ని నీళ్ళల్ల పడేస్తవా తాతా?’ అని అరిచాను.

‘పడేసుడు గాదు తండ్రీ, సాగదోలుడు. మీ నాయినను పడేసిన్రా మరి?’

తండ్రీ అనవద్దు, మనమంతా సమానం అని మాత్రం చెప్పాను. ‘గట్లనే తండ్రీ’ అన్నాడు. లచ్చమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

27 జనవరి

బడిలో పోశయ్య తాత కథ. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పెద్దసారు కుర్చీ వేయిస్తే తాత కూర్చోలేదు, కానీ దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ‘కళాకారుడు పోశయ్యగారు’ అని నేను పరిచయం చేస్తే మీసం కింద ముసిముసి నవ్వులు. ‘ఇంకోపాలి అను తండ్రీ, గా మాట. మా లచ్చమ్మ ఇన్లే.’

పటం కొన్ని రోజులు ఉంచమన్నాను. తరగతికొకసారి నిదానంగా చూపించాలని. లచ్చమ్మ వద్దంది. ‘ఇంట్లకెల్లి బయటికి పోయినంక పటం ఒక్కతే యాడ్నన్న పంటదా?’ తాత తటపటాయించాడు. కళాకారుడు అన్న మాట ఇంకా ఆయన చెవిలోనే ఉంది. అది నాకు తెలుసు. తెలిసే ఇంకోసారి అన్నాను.

‘శివరాత్రి ముంగల కోదాడల మా ఇంటికి తెచ్చిస్తనని మీ అమ్మ మీద ఒట్టెయ్యి.’

ఒట్లు మూఢనమ్మకం తాతా, నా మాట చాలు అన్నాను.

‘సాలు తండ్రీ.’

3 ఫిబ్రవరి

ఇది కదా పాఠం! ఏం కనబడుతోంది అంటే ఆగరు. ఏడ్చే బొమ్మల్లో మాత్రమే కథలోని తల్లి చీర నీలమట — నేను కనిపెట్టలేదు. మొన్న నా దెబ్బ తిన్నవాడు కనిపెట్టాడు. వాడి తల నిమరాలని చెయ్యెత్తితే వెనక్కి జరిగాడు.

8 ఫిబ్రవరి

బడుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా మనిషి, తెల్లటి లాల్చీ. పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ‘భేషుగ్గా ఉందండీ! ఈ మారుమూల బడిలో కళాభిరుచి నేర్పే కుర్రాడున్నాడని అనుకోలేదు సుమండీ.’ పందొమ్మిదిన మిర్యాలగూడలో ఉపాధ్యాయుల సభ, పక్కనే బడుల ప్రదర్శన. నన్ను మాట్లాడమన్నాడు. టెంపరరీ ఉద్యోగం సంగతి కూడా చూద్దామన్నాడు.

పోతూ పోతూ — ‘ఇంత పొడుగు గుడ్డ ఎక్కడ వేలాడదీస్తామండీ? దేని బొమ్మ దానికి విడదీసి అట్టల మీద అతికించండి. కింద పేరు రాయండి. చూసేవాళ్ళకు సుఖం.’

చిత్తం అన్నాను. నేను! దొరల ముందు చిత్తం అనకూడదని నిరుడు సంఘం తరఫున ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి.

12 ఫిబ్రవరి

కోయను. ఉత్తరం రాసేస్తాను కుదరదని.

13 ఫిబ్రవరి, ఆదివారం

కోశాను.

ఎటూ నీళ్ళలోకి పోయేదే కదా అనుకున్నాను. వెయ్యి మంది చూడటం మేలా, చేపలు చూడటం మేలా? బొమ్మను ఒంటరిగా చూసినప్పుడే దాని అందం తెలుస్తుందని పుస్తకంలో కూడా ఉంది. తలుపు గడియ పెట్టాను. అంత మంచి పనికి గడియ ఎందుకో...

పెన్సిలు చెక్కే బ్లేడు. గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద పట్టించి ఉంది. బ్లేడు కింద పటపటమని విరిగింది. ఎర్ర పొడి నేలంతా. వరుసకూ వరుసకూ మధ్య పూల అంచు ఉంది, దాని వెంబడే కోసుకుంటూ పోయాను. పులి దగ్గర ఆగాల్సింది. దాని తోక అంచు దాటి కింది బొమ్మలోకి వేలాడుతోంది. చూశాను. చూసే కోశాను.

పొడి ఊడ్చి పెరట్లో పారబోశాను. గోళ్ళలోది పోవడం లేదు.

మిర్యాలగూడ, 19 ఫిబ్రవరి

దండ వేశారు. ప్రజల కళ గురించి మాట్లాడాను. చప్పట్లు. అట్టలన్నీ వరసగా బల్లల మీద, ఒక్కోదాని కింద నా చేతిరాత: ‘తల్లి’, ‘మగ్గం’, ‘పులి’. మూలన ‘సేకరణ’ అని నా పేరు. పోశయ్య తాత పేరు ఎక్కడా లేదు. మరిచిపోలేదు. రాయబోయి, చోటు చాలదనుకున్నాను. చాలా చోటుంది.

సాయంత్రం నిడమనూరు నుంచి చీరెలు అమ్ముకోవడానికి వచ్చిన సాలాయన ఒకడు లోపలికి తొంగి చూశాడు. బల్లల దగ్గరికొచ్చి చెప్పులు విడిచాడు. ఒక్కో అట్టా చూసుకుంటూ వచ్చి నన్ను అడిగాడు — ‘ఇది పోశయ్య పటం గాదా? సర్కారుకు అమ్ముకున్నడా?’

అప్పుడు చెప్పాలి. కాదు, నేనే... అనాలి. ఇన్‌స్పెక్టరు పక్కనే ఉన్నాడు. ‘పల్లెల్లో సేకరించాం’ అన్నాను. ఆ సాలాయన నా పేరున్న చీటీ వైపు చూశాడు. చదువు రాదనుకుంటాను. చదువు రాకూడదని కోరుకున్నాను. చదువు చెప్పేవాణ్ణి!

అట్టలు నెలాఖరు దాకా ఇక్కడే ఉండాలట. పైవాళ్ళు చూస్తారట. శివరాత్రి ఇరవై ఆరున అని గుర్తొచ్చింది. సంతోషమండీ అన్నాను.

సూర్యాపేట, 24 ఫిబ్రవరి

కోదాడ బస్సు డ్రైవరుతో పోశయ్య తాత కబురు. ‘ఎల్లుండే పయనం తండ్రీ, ముసల్దాన్ని పట్టుకొని ఎప్పుడొస్తున్నవ్?’

పటం పెద్దసారు బీరువాలో ఉంది, తాళం ఆయన దగ్గరే, ఆయన ఊళ్ళో లేరు అని చెప్పి పంపాను.

ఈ రోజుల్లో ముసల్మాను పెద్దసారు మీద ఏ మాట పడ్డా నిలుస్తుంది. అందుకే ఆయన మీద వేశానేమో. ఈ వాక్యం కొట్టేయాలనుంది. ఉండనీ.

26 ఫిబ్రవరి, శివరాత్రి

మఠంపల్లికి పోవలసినవాళ్ళు పోలేదు. నేను ఇక్కడ అన్నం తిన్నాను.

1 మార్చి

పోశయ్య తాత బడికొచ్చాడు.

గేటు దగ్గర తలపాగా కనబడగానే నా కాళ్ళు దేశపటాల గదిలోకి పోయాయి. తలుపు దగ్గరికి వేసుకుని నిలబడ్డాను. ఆయన వసారాలో కూర్చున్నాడు. ఇంటర్వెల్ పిల్లలు చుట్టూ మూగారు. అంతా వినబడుతోంది.

‘మీ సారేడి బిడ్డా?’

‘ఇప్పుడు ఈడ్నే ఉండె తాతా.’

‘ఉంటడు తియ్యి, యాడికి పోతడు. మా ముసల్దాన్ని సూసిన్రా? ఎట్లుంది, మంచిగుందా?’

‘మస్తుంది తాతా! సారు బొమ్మకో అట్ట పెట్టిండు!’

‘అట్టేంది?’

‘ఇడిగ ఇడిగ, తాతా. తల్లిదొక అట్ట, మగ్గందొక అట్ట. మిర్యాలగూడకు పోయే ముంగల మాకు సూపిచ్చిండు.’

అప్పుడు ఆ వెనక వరస గొంతు, నా దెబ్బ తిన్న గొంతు — ‘పులి తోక తెగింది తాతా. కొస కిందట్ట మీదికి వచ్చింది, మగ్గం పక్కన. మాకు ఎరికే గని, ఎరికలేనోళ్ళు పామనుకుంటరు.’

‘ఊఁ’ అన్నాడు తాత.

పిల్లలు ఆగలేదు. మొదటి బొమ్మ నుంచి చివరిదాకా చెప్పుకుంటూ పోయారు, ఒకరి మాట ఒకరు అందుకుని. ఎవరి చేతిలో ఏముంది, ఎవరు ఎటు చూస్తున్నారు, ఏడ్చినప్పుడు చీర నీలం... ఒక్కటీ తప్పు లేదు. నేనే నేర్పాను. ఎప్పుడూ కథ చెప్పే మనిషి, ఒక్కో బొమ్మకూ ఊఁ... ఊఁ... అని ఊకొడుతూ కూర్చున్నాడు. నా పటం ఎట్లా పోయిందో చెప్పండి అన్నట్టుగా.

అంతా అయ్యాక — ‘మంచిగ సూసిన్రు బిడ్డా. మీ సారు మంచిగ నేర్పిండు.’

కర్ర చప్పుడు వసారా దిగింది. నేను తలుపు తీయలేదు.

2 మార్చి

పెద్దసారు. ‘నా బీరువాకు తాళమే లేదు గదా బేటా.’

తాత నిన్న పోతూ ఆయన్ను అడిగాడట, తాళం ఎప్పుడిస్తరు దొరా అని. అట్టల మాట విన్నాక కూడా అడిగాడు. నా మాట ఎక్కడో నిజమై ఉండాలని ఇంకో అవకాశం ఇచ్చినట్టున్నాడు.

‘ఇప్పుడు నా మీద ఎవలేమన్న నమ్ముతరు. నీకెరికే గద’ అన్నారు. కోపం లేదు. కోప్పడితే బాగుండేది. నాకు కోపానికి జవాబు చెప్పడం వచ్చు.

మిర్యాలగూడ, 5 మార్చి

అట్టల కోసం వచ్చాను. దారంతా పళ్ళు కొరుక్కుంటూ వచ్చాను. ఇన్‌స్పెక్టరును ఏమనాలో కంఠతా పట్టాను — మీరు కోయించారు, మీరు బాధ్యులు, ప్రజల సొత్తు ప్రజలకివ్వండి.

‘రండి రండి! మీకు శుభవార్త’ అన్నాడు. ఉద్యోగం ఖాయం కావచ్చట. కాఫీ ఇప్పించాడు. అట్టలు దారంతో కట్టించి ఇచ్చాడు. లెక్క చూస్తే పులి లేదు.

‘ఆ పులి ఎంత బాగుందండీ! మా బావగారు వచ్చి ముచ్చటపడితే ఇచ్చేశాను. గుంటూరు పట్టుకుపోయారు. మీరు ఏమనుకోరుగా?’

అయ్యో, ఎంతమాటండీ అన్నాను.

నవ్వాను కూడా. ఆరో తరగతి పిల్లవాడు నవ్వించినందుకు చెంప పగలగొట్టిన నేను. నా కోపం ఎక్కడ ఉంటుందో ఇవాళ తెలిసింది. నాకంటే పొట్టివాళ్ళ దగ్గర ఉంటుంది.

కోదాడ, 6 మార్చి, ఆదివారం

అమ్మ మగ్గం మీద నుంచి లేవకుండానే, ‘ఏందిరా నర్సిమ్మా ఆ కట్ట?’ అంది. విప్పి చూపించాను. లేచి చేతులు కడుక్కొచ్చింది. అట్టలకు నీళ్ళు చిలకరించి, గుడ్డను అంచుల నుంచి మెల్లగా ఊడదీసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

‘పులేదిరా?’

గుంటూరులో ఉంది అన్నాను. ఆ మాట చెబుతుంటే నాకే పిచ్చిమాటలా వినబడింది.

అమ్మ తిట్టలేదు. మా మగ్గం దారంతోనే ముక్కకు ముక్క కలిపి కుట్టసాగింది. పులి ఉండే చోట మా మగ్గం మీది తెల్లగుడ్డ కత్తిరించి పెట్టింది. తోక కొస ఒక్కటే మిగిలింది ఆ తెలుపు కింద. ‘వచ్చినప్పుడు ఇది ఇప్పి అది కుడ్తా. నువ్వు తెచ్చేదుంటే.’

7 మార్చి

పోశయ్య తాత ఇంటికి పోయాను. ఆయన గోడకానుకుని కూర్చున్నాడు. లచ్చమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

‘రండి సారూ, రండి. మీటింగు పెడతరా ఈడ గూడ? దండ లేదు మరి మా ఇంట్ల.’

కూర్చోమనలేదు ఎవరూ.

‘పాలకీడు ఊళ్ళె సాలోళ్ళు మమ్మల్ని వాకిట్లకు రానియ్యలే, ఎరికేనా? నిడమనూరాయన సూసొచ్చి సెప్పిండంట, పోశయ్య పటం కోసి సర్కారుకు అమ్ముకున్నడని. మా మామ పటం అమ్ముకునేటోడా? కండ్లు లేని కొత్త పటం సుట్టి మూలకు పెట్టినం. పాతది నీళ్ళకు పోలె. ఏం బట్టుకొని తిరగాలె మేము?’

మా సాలోళ్ళ పెద్దమనుషులు ఆదివారం మా వాకిట్లోనే కూర్చుంటారట. అమ్మినట్టు తేలితే ఈ ఊళ్ళలో కథ చెప్పే హక్కు తీసేసి, పై ఊళ్ళోళ్ళకిస్తారు. తాతల నాటి హక్కు.

పులిని తెస్తాను తాతా, గుంటూరు పోతాను అన్నాను. అప్పుడు తలెత్తాడు.

‘పులి దాని తొవ్వ అది సూసుకుంటది. నువ్వు ఆయితారం నాడు వచ్చి సెప్పు తండ్రీ. ఎవలు కోసిన్రో, ఎవలు అమ్మలేదో. నేను సెప్తే కథ అంటరు.’

సరే అన్నాను. లచ్చమ్మ చేట అందుకుంటూ — ‘ఒట్టెయ్యమను మామా.’

‘ఎందుకే. ఆయన మాట సాలు.’

9 మార్చి

బడికి సెలవు పెట్టి ఇక్కడే ఉన్నాను. గుంటూరుకు ఉత్తరం రాశాను. చించాను. మళ్ళీ రాశాను. ఇన్‌స్పెక్టరుకు తెలుస్తుందని దాచాను. మళ్ళీ తీసి పోస్టు చేశాను. భయపడ్డాను — ఉద్యోగం కోసం. పటం కోసేటప్పుడు భయపడలేదు.

12 మార్చి

ఏం చెప్పాలో రాసుకుంటున్నాను. రాసిందంతా ఉపన్యాసంలా ఉంది. ‘అప్పటి పరిస్థితుల్లో’ అని మొదలవుతోంది. అప్పటి పరిస్థితుల్లో! నా చేతిలో బ్లేడు ఉంది, అదీ పరిస్థితి.

అమ్మ వాకిలి అలుకుతోంది. ‘నువ్ సెప్తవా, నన్ను సెప్పమంటవా?’ అని ఒక్కసారే అడిగింది.

13 మార్చి, ఆదివారం

లోపలి అర్రలో కూర్చుని రాస్తున్నాను. వాకిట్లో అంతా వచ్చారు. నిడమనూరాయన కూడా ఉన్నాడు, నన్ను చూసి గుర్తుపట్టాడు. పోశయ్య తాత ఒక మూలన చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఈసారి చెయ్యి వేయడానికి కుర్చీ లేదు.

పెద్దమనిషి అడుగుతున్నాడు — ‘ఏం పోశయ్యా, పటం కోసి అమ్మినవా?’ తాత జవాబు చెప్పడం లేదు. ఇంటి లోపలికి చూడనూ లేదు. నేనున్నానని తెలుసు. చూస్తే నాకు బలవంతం అవుతుందని చూడటం లేదేమో. లేక, నేను వస్తానని...

అమ్మ పటం బయటికి తీసుకుపోయింది. గుంజలకు కడుతున్నారు. చుట్ట విప్పుతున్న చప్పుడు. మొదటి వరుస. ఎవరో అమ్మో అన్నారు, కుట్లు చూసి. రెండో వరుస...

ఇంకాసేపట్లో తెల్లగుడ్డ వస్తుంది. ఇదేంది అని అడుగుతారు. పిలిచాక పోతే అది పట్టుబడటం అవుతుంది. పిలవకముందే పోవాలి.

కలం కింద పెడుతున్నాను. పెట్టలేదు ఇంకా...

తల్లి బొమ్మ దాకా వచ్చారు. కింద చుట్ట తిప్పుతున్నారు, తర్వాతిది తెల్లగుడ్డే.